లేజర్‌ని మిల్లీమీటర్లు అడక్కండి

వాన కొలిచే లేజర్ పరికరం కొనాలనుకునేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మామూలు రెయిన్ గేజ్ కన్నా ఇది కరెక్టుగా చూపిస్తుందా?" కదిలే భాగాలు లేవు, గరాటు లేదు, ఆకులు పడి పూడుకుపోయే బాధ లేదు, ఖరీదేమో చాలా ఎక్కువ. అంత డబ్బు పెట్టాక ఇంకా బాగా కొలవాలి కదా అని వాళ్ళ లెక్క. నేను చెప్పే జవాబు వాళ్ళకి నచ్చదు. ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నదే మీకు కావాల్సిందైతే లేజర్ దండగ, మామూలు బకెట్ గేజ్ చాలు. లేజర్ కొన్నారా, దాన్ని మిల్లీమీటర్లు అడక్కండి. అది చెప్పగలిగిన సంగతి వేరే ఉంది: ఒక్కో చినుకు సైజు, వేగం. చాలాచోట్ల ఆ సంగతిని ఫైల్లోకి కూడా ఎక్కించకుండా పారేస్తున్నారు. నా కోపమంతా అక్కడే.

ముందు బకెట్ పరువు కాస్త నిలబెట్టాలి. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. టిప్పింగ్ బకెట్ గేజ్‌లో గరాటు కింద రెండు చిన్న దొప్పలు ఇరుసు మీద అటూ ఇటూ ఊగేలా ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. చాలా గేజ్‌లలో ఒక్కో ఒరుగుకి 0.2 మిల్లీమీటర్లు అని లెక్క. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ రెన్ కాలంలో మొదలైన ఆలోచన ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. లోపాలు బోలెడు. గాలి వీస్తే సన్న చినుకులు గేజ్ మూతి మీదుగా ఎగిరిపోతాయి. జోరువానలో దొప్ప ఒరిగే ఆ అరక్షణంలో పడిన నీళ్ళు లెక్కలోకి రావు. ముసురులో ఒక్క దొప్ప నిండటానికి గంట పట్టొచ్చు, ఈలోగా కొంత ఆవిరైపోతుంది. పిట్టలు గరాటులో ఏం చేస్తాయో చెప్పనక్కర్లేదు. అయినా ఒక పెద్ద ఊరట ఉంది: ఆ పరికరంలోకి నిజంగా నీళ్ళు వస్తాయి. కొలిచిన నీళ్ళు గరాటులోకి మెల్లగా వదిలి, ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెడితే దాని నిజాయితీ అక్కడికక్కడే తేలిపోతుంది.

లేజర్ పరికరం నీళ్ళని పోగుచెయ్యదు. ఈ జాతి పరికరాలని డిస్‌డ్రోమీటర్లు అంటారు. బాగా వాడుకలో ఉన్న పార్సివెల్ రకాన్నే తీసుకుందాం. రెండు తలలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి లేజర్ కాంతి పలచటి రేకులా అడ్డంగా పరుచుకుని ఉంటుంది: పొడవు 180 మిల్లీమీటర్లు, వెడల్పు 30, మందం సుమారు 1. అవతలి తల ఆ కాంతిని వోల్టేజీగా మారుస్తుంది. చినుకు దాన్ని దాటేటప్పుడు నీడ పడుతుంది, వోల్టేజీ కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఎంత దిగిందన్నదాన్ని బట్టి చినుకు సైజు, ఎంతసేపు దిగి ఉందన్నదాన్ని బట్టి వేగం. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకి సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. అంటే ఆ కాంతి రేకుని దాటడానికి దానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. ఆ కాసేపట్లో తగ్గే కాంతి ఓ ఆరేడు శాతం. ఇంత చిన్న కదలికలోంచి సైజు, వేగం రెండూ పిండుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

కానీ ఇక్కడ కొలిచింది నీడని. నీళ్ళెన్ని అన్నది ఆ నీడ నుంచి వేసిన అంచనా. నీడ వెడల్పు తెలిస్తే చినుకు వ్యాసం తెలుస్తుంది, వ్యాసాన్ని ఘనం చేస్తే నీటి పరిమాణం వస్తుంది. ఈ ఘనమే కొంప ముంచుతుంది. వ్యాసం 10 శాతం ఎక్కువగా నమోదైతే నీళ్ళ లెక్క 33 శాతం పెరుగుతుంది. 10 శాతం తక్కువైతే 27 శాతం తగ్గుతుంది. పైగా చినుకు బొమ్మల్లో గీసినట్టు కన్నీటిబొట్టు ఆకారంలో ఉండదు. మిల్లీమీటర్ దాకా దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఆపైన పెరిగేకొద్దీ గాలి ఒత్తిడికి అడుగు చదునైపోతుంది. 5 మిల్లీమీటర్ల చినుకు ఎత్తు దాని వెడల్పులో సుమారు 70 శాతమే. పార్సివెల్ లాంటిది చూసేది వెడల్పునే కాబట్టి, ఎత్తు ఎంత ఉంటుందో ఒక సూత్రం ప్రకారం ఊహించుకుని దిద్దుకుంటుంది. రెండు కెమెరాలతో రెండు దిక్కుల నుంచి ప్రతి చినుకు రూపాన్నీ గీతలు గీతలుగా స్కాన్ చేసే టూ-డీ వీడియో డిస్‌డ్రోమీటర్ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారైంది. దానికి ఇంత ఊహ అక్కర్లేదు. కానీ దాన్ని ఊరూరా పెట్టడం జరిగే పని కాదు.

ఘనం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అంచుల గొడవ ఇంకోటి. చినుకు కాంతి రేకు అంచుని ఒరుసుకుంటూ పడితే సగం నీడే పడుతుంది, పెద్ద చినుకు చిన్నదిగా నమోదవుతుంది. రెండు చినుకులు ఒకేసారి దాటితే రెండు నీడలు కలిసిపోయి ఒక పెద్ద చినుకు పుడుతుంది. వాన జోరు పెరిగేకొద్దీ ఇలాంటి జంటలు పెరుగుతాయి. ఈ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఘనం వల్ల పెద్దవైపు తప్పు బరువు చాలా ఎక్కువ. అర మిల్లీమీటర్ కన్నా చిన్న తుంపర్లు ఎలక్ట్రానిక్ నాయిస్‌లో చాలావరకు కలిసిపోతాయి. పార్సివెల్ చినుకుల్ని సైజుని బట్టి గడుల్లో వేస్తుంది, వాటిలో అన్నిటికన్నా చిన్న సైజువి రెండూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, అవి దాని కొలత పరిధిలోనే లేవు. ఇక గాలి సంగతి. గాలికి చినుకులు ఏటవాలుగా వస్తాయి, పరికరం తలలే కొన్నిటికి అడ్డమవుతాయి. తలల మీద పడి చిట్లిన తుంపర్లు మళ్ళీ కాంతిలోకి వచ్చి పడతాయి. సాలెపురుగుకి ఆ రెండు తలల మధ్య చోటు గూడు అల్లడానికి కొలతలు తీసి కట్టించినట్టే ఉంటుంది. పోగు ఒకటి గాలికి ఊగుతుంటే ఎర్రటి ఎండలో కూడా వాన నమోదవుతుంది.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది కాంతి రేకు వైశాల్యం. 180ని 30తో గుణిస్తే 54 చదరపు సెంటీమీటర్లు. మామూలు గేజ్ మూతి 200 చదరపు సెంటీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. గంటకి 10 మిల్లీమీటర్ల ఓ మోస్తరు గట్టి వాన కురుస్తోందనుకోండి. చినుకుల సైజులకి మార్షల్, పామర్ 1948లో ఇచ్చిన సూత్రం పెట్టి లెక్కేశాను: 4 మిల్లీమీటర్లకి మించిన చినుకు ఆ 54 చదరపు సెంటీమీటర్లలోకి మూడు నిమిషాలకి ఒకటి చొప్పున పడుతుంది. అలాంటిది ఒక్కటి పడితే ఆ నిమిషపు వానలో సుమారు 4 శాతం అదే. చినుకు సైజు ఆరో ఘాతంతో పెరిగే రాడార్ ప్రతిధ్వని బలానికైతే అదొక్కటే 18 శాతం దాకా జమచేస్తుంది. అంటే ఒక నిమిషంలో అది పడింది, తర్వాతి నిమిషంలో పడలేదు అన్నదే గ్రాఫ్‌లో పెద్ద ఎత్తుపల్లంగా కనిపిస్తుంది. వాన మారలేదు, అదృష్టం మారింది. నిమిషాల డేటా గీసి "ఇక్కడ చూడండి, వాన స్వభావం మారింది" అని వేలు పెట్టి చూపించేవాళ్ళని చూస్తే నాకు కంగారు.

ఇన్ని తిట్లు తిట్టాక దీన్ని ఎందుకు వెనకేసుకొస్తున్నానంటే, మనుషులు ఈ చినుకుల సైజు కోసం ఎంత తిప్పలు పడ్డారో చూడాలి. 1895లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు వీస్నర్ రంగు పొడి అద్దిన వడపోత కాగితం వానలో పెట్టి, మరకల సైజు కొలిచాడు. మంచు రేకుల ఫొటోలతో పేరు తెచ్చుకున్న విల్సన్ బెంట్లీ పళ్ళెంలో పిండి పరిచి కొన్ని సెకన్లు వానలో పెట్టేవాడు. ప్రతి చినుకూ ఒక చిన్న పిండి ఉండ అయ్యేది. తెలిసిన సైజు నీటిబొట్లని కూడా పిండిలో వేసి చూసి, ఏ ఉండకి ఎంత చినుకో సరిపోల్చుకున్నాడు. 1904లో ఆ కొలతలు ప్రచురించాడు. 1943లో లాస్, పార్సన్స్ అదే పిండి పద్ధతితో నేలకోత కోసం చినుకులు కొలిచారు. కాగితమైనా పిండైనా కొన్ని సెకన్ల వానే దొరుకుతుంది, తర్వాత గంటలకొద్దీ కూర్చుని లెక్కపెట్టుకోవాలి.

1967లో స్విట్జర్లాండ్‌లో జోస్, వాల్డ్‌ఫోగెల్ ఒక శంకువు లాంటి తల మీద చినుకు కొట్టే దెబ్బని విద్యుత్ సంకేతంగా మార్చే యంత్రం తెచ్చారు. అది దశాబ్దాలపాటు ఈ రంగంలో ప్రమాణంగా నిలబడింది. దానికీ ఒక గుడ్డిదనం ఉంది. దెబ్బ బలం సైజు వల్లా వస్తుంది, వేగం వల్లా వస్తుంది. ఆ రెండిటినీ అది విడదీయలేదు, కాబట్టి ప్రతి చినుకూ దాని సైజుకి తగ్గ సహజ వేగంతోనే పడిందని నమ్మేస్తుంది. లేజర్‌కి ఆ నమ్మకంతో పనిలేదు. 2000లో లేజర్ డిస్‌డ్రోమీటర్ని వివరిస్తూ వచ్చిన పేపర్‌లో లోఫ్లర్-మాంగ్ పక్కన ఉన్న రెండో పేరు అదే జోస్ కావడం నాకు భలే ఇష్టమైన సంగతి. తన పరికరం లోటు తెలిసిన మనిషే దాని తర్వాతిదానికి చెయ్యి వేశాడు.

సైజు, వేగం రెండూ విడివిడిగా తెలియడమే అసలు సొత్తు అని నా వాదన. గాలి నిశ్చలంగా ఉంటే ఏ సైజు చినుకు ఎంత వేగంతో పడుతుందో 1949లో గన్, కింజర్ ప్రయోగశాలలో కొలిచి పెట్టారు. 1 మిల్లీమీటర్‌కి సెకనుకి 4 మీటర్లు, 2 మిల్లీమీటర్లకి ఆరున్నర, 5 మిల్లీమీటర్లకి 9 దాటుతుంది, ఆపైన ఇక పెద్దగా పెరగదు. ఇప్పుడు లేజర్ నమోదు చేసిన ప్రతి కణాన్నీ సైజు ఒకవైపు, వేగం ఒకవైపు పెట్టి గడుల్లో వెయ్యండి. నిజమైన వాన ఆ గన్-కింజర్ గీత వెంబడి గుమిగూడుతుంది. అంచుని ఒరుసుకున్నవి చిన్న సైజులో, ఉండాల్సినదానికన్నా ఎక్కువ వేగంతో గీతకి పైన తేలతాయి. తల మీద పడి చిట్లిన తుంపర్లు సైజుకి తగని నెమ్మదితో గీతకి కింద ఉంటాయి. మంచు ఎంత పెద్ద రేకైనా సెకనుకి మీటరు అటూ ఇటూగా అడుగునే పాకుతుంది. వడగళ్ళు వాన చేరలేని సైజుకీ వేగానికీ పోయి కూర్చుంటాయి. సాలెపోగైతే ఏ గీతా లెక్కచెయ్యకుండా ఎక్కడపడితే అక్కడ చుక్కలు పెడుతుంది. పైన నేను ఏకరువు పెట్టిన తప్పుల్లో చాలావాటికి ఇలా ముఖాలున్నాయి. చూస్తే గుర్తుపట్టొచ్చు, గీతకి మరీ దూరంగా ఉన్నవాటిని ఏరిపారెయ్యొచ్చు. బకెట్ తప్పు చేస్తే ఒక అంకె తగ్గుతుందంతే, ఎందుకు తగ్గిందో చెప్పదు.

పార్సివెల్ ఈ పట్టికని 32 సైజు గడులు, 32 వేగం గడులుగా ఇస్తుంది. మొత్తం 1024 అంకెలు, కావాలంటే నిమిషానికొకటి. వాన లేనప్పుడు అన్నీ సున్నాలు. ఉన్నప్పుడు కూడా ఎక్కువ సున్నాలే. అయితే పరికరాన్ని కొలతలు దాచే డేటా లాగర్‌కి తగిలించేటప్పుడు చాలామంది చేసేదేమిటంటే, అది తనంతట తను లెక్కకట్టి ఇచ్చే "వాన తీవ్రత, గంటకి ఇన్ని మిల్లీమీటర్లు" అన్న ఒక్క అంకెని తీసుకుని పట్టికని వదిలేస్తారు. ఒక సంస్థ వాళ్ళు ఈమధ్య నన్ను విశ్లేషించమని ఏడాది ఫైలు పంపారు. తేదీ, టైము, మిల్లీమీటర్లు. అంతే. ఆ మిల్లీమీటర్లు పక్కనున్న బకెట్‌తో కలవడం లేదు, ఎందుకని వాళ్ళ ప్రశ్న. లావాదేవీలన్నీ చెరిపేసి నెలాఖరు బ్యాలెన్స్ ఒక్కటే చూపించే పాస్‌బుక్ ఇచ్చి, డబ్బు ఎక్కడ పోయిందో చెప్పమంటే ఏం చెప్తాను? జంట చినుకులా, గాలా, సాలెగూడా, మసకబారిన గాజా, దేనికీ ఆధారం మిగల్చలేదు.

చోటు చాలదంటారు. 1024 అంకెలు, ఒక్కోదానికి రెండు బైట్లు, రోజుకి 1440 నిమిషాలు: రోజుకి మూడు మెగాబైట్లకి కాస్త తక్కువ, ఏడాదికి సుమారు ఒక గిగాబైట్. అదీ కుదించకముందు. సున్నాలే ఎక్కువ కాబట్టి జిప్ చేస్తే అందులో చిన్న ముక్కే మిగులుతుంది. ఫోనులో పెళ్ళి వీడియో ఒకటి ఇంతకన్నా ఎక్కువ తింటుంది.

రెండో వాదన కాస్త గట్టిది: "పట్టిక ఎందుకు, లేజర్ మొత్తాన్ని బకెట్ మొత్తంతో సరిపోయేలా ఒక గుణకంతో గుణిస్తే పోలా?" చాలామంది చేసేది ఇదే. కానీ లేజర్ 20 శాతం ఎక్కువ చూపించింది పెద్ద చినుకుల్ని ఎక్కువ లెక్కపెట్టడం వల్ల అనుకోండి. మీరు మొత్తాన్ని తగ్గించినప్పుడు సరిగ్గా లెక్కపెట్టిన మధ్యరకం చినుకులు కూడా తగ్గిపోతాయి, పెద్దవి ఇంకా ఎక్కువగానే ఉంటాయి. మొత్తం మాత్రం బకెట్‌తో అచ్చంగా కలుస్తుంది. మరుసటి వాన ముసురైతే ఆ గుణకం తప్పవుతుంది, జడివానైతే ఇంకో వైపు తప్పవుతుంది. తప్పుని సరిదిద్దలేదు, కనబడకుండా చేశామంతే.

ఇంతకీ చినుకుల సైజు ఎవరికి కావాలి? ముందుగా రాడార్‌కి. రాడార్ తిరిగొచ్చిన ప్రతిధ్వని బలాన్ని కొలుస్తుంది, ఆ బలం చినుకు వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. నీళ్ళేమో మూడో ఘాతంతోనే పెరుగుతాయి. 1 మిల్లీమీటర్ చినుకులు ఎనిమిది కలిస్తే 2 మిల్లీమీటర్ల చినుకు ఒకటి, నీళ్ళు సమానం. రాడార్‌కి మాత్రం ఆ ఒక్కటి ఈ ఎనిమిదింటికన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ మెరుస్తుంది. అందుకే ప్రతిధ్వనిని వానగా మార్చే సూత్రం ఒకటి కాదు. అమెరికా వాతావరణ రాడార్లలో మామూలుగా వాడే సూత్రం 40 డీబీజెడ్ (ప్రతిధ్వని బలాన్ని చెప్పే కొలమానం) ప్రతిధ్వనికి గంటకి సుమారు 12 మిల్లీమీటర్లు అంటుంది. అదే ప్రతిధ్వనికి ఉష్ణమండల వానల సూత్రం పెడితే దాదాపు 22 వస్తుంది, ఎందుకంటే అక్కడ చిన్న చినుకులు విస్తారంగా ఉంటాయన్నది దాని లెక్క. వరద వస్తుందా రాదా అని చూసేవాళ్ళకి 12కీ 22కీ ఉన్న తేడా చిన్నది కాదు. ఏ వానకి ఏ సూత్రం పెట్టాలో నేల మీద చినుకులు లెక్కపెట్టిన పరికరమే చెప్పాలి. బకెట్ వంద ఉన్నా ఆ పని చెయ్యలేవు, మొత్తం కలవలేదని చెప్పగలవు గానీ ఎందుకు కలవలేదో చెప్పలేవు. 1997లో ఎగిరిన టీఆర్ఎమ్ఎమ్, 2014లో ఎగిరిన జీపీఎమ్ ఉపగ్రహాల మీది వాన రాడార్లది కూడా ఇదే అవసరం. అవి పై నుంచి వేసిన అంచనాల్ని సరిచూడటానికి నేల మీద డిస్‌డ్రోమీటర్లు పెట్టి మరీ క్షేత్ర పరిశీలనలు నడిపారు.

తర్వాత నేల. 2 మిల్లీమీటర్ల చినుకుతో పోలిస్తే 4 మిల్లీమీటర్ల చినుకు బరువు ఎనిమిది రెట్లు, వేగం కూడా ఎక్కువ. తాకేటప్పటి శక్తి లెక్కకడితే సుమారు పదిహేను రెట్లు. 20 మిల్లీమీటర్ల ముసురూ, 20 మిల్లీమీటర్ల జడివానా గేజ్ కాగితంలో ఒకటే. దున్నిన మట్టికి కాదు. లాస్, పార్సన్స్ పిండి పళ్ళెం పట్టుకుని వానలో నిలబడింది దీనికోసమే.

బకెట్ కన్నా లేజర్ స్పష్టంగా మెరుగైన విషయం ఒకటి మిల్లీమీటర్ల లోకంలో కూడా ఉంది, దాన్ని దాచిపెడితే వాదన ఏకపక్షమవుతుంది. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నది. మొదటి దొప్ప నిండేదాకా బకెట్‌కి వాన పడుతున్నట్టే తెలియదు. లేజర్ మొదటి కొన్ని చినుకులకే పట్టేస్తుంది. దీనికి మాత్రం ఖరీదైన డిస్‌డ్రోమీటరే అక్కర్లేదు. కారు అద్దం వెనక వైపర్‌ని నడిపే సెన్సర్ కూడా కాంతితోనే పనిచేస్తుంది. అద్దం లోపల ఇన్‌ఫ్రారెడ్ కాంతి పరావర్తనం చెందుతూ ఉంటుంది, చినుకు పడిన చోట కొంత బయటికి జారిపోతుంది, ఆ తగ్గుదలని బట్టి వైపర్ కదులుతుంది. ఇదే కిటుకుతో చవక రెయిన్ సెన్సర్లూ వస్తున్నాయి. వాన ఉందా లేదా, ఎక్కువా తక్కువా వరకు బాగుంటాయి. వాటి మిల్లీమీటర్లని నేను నమ్మను.

మంచు ప్రాంతాలవాళ్ళకి ఒక మాట. మంచు రేకు నీడ ఎంత పెద్దదైనా అందులో నీళ్ళెన్నో నీడ చెప్పదు, రేకు ఎంత వదులుగా అల్లుకుందో తెలియాలి. లేజర్ ఇచ్చే మంచు-నీటి అంకె సాంద్రత మీద ఊహ కట్టుకున్నది. అది మంచా, వానా, రెండూ కలిసినదా అన్నంతవరకు తీసుకోండి.

ఇక కొనేవాళ్ళకి నేను చెప్పేది. పక్కన మంచి బకెట్ ఒకటి తప్పకుండా పెట్టండి. లేజర్ మొత్తాన్ని దానికి సరిచెయ్యడానికి కాదు, రోజువారీ నిష్పత్తి గీసి చూడటానికి. ఆ నిష్పత్తి వారాల తరబడి ఒక దిక్కుకి జారుతుంటే గాజు మసకబారిందో, లేజర్ బలం తగ్గిందో, గరాటు పూడుకుందో. ఒక్క గాలివాన రోజున ఎగిరితే అది గాలి పని. కాంతి రేకుని ఏ దిక్కుకి తిప్పి బిగించారో రాసిపెట్టుకోండి, గాలి ఏ పక్క నుంచి వీచినప్పుడు తలలు అడ్డమవుతాయో తర్వాత కావాలి. గడుల సరిహద్దుల పట్టిక, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, రెండూ డేటాతోపాటు అదే ఫోల్డర్లో ఉండాలి. వెర్షన్ మారాక చినుకుల సైజులు హఠాత్తుగా మారితే అది వాతావరణ మార్పు కాదని తెలియాలి కదా. నిమిషపు పట్టికలు దాచండి, చదివేటప్పుడు మాత్రం ఐదో పదో కలిపి చదవండి.

అమ్మేవాళ్ళని అడగాల్సింది ఒకటే: ముడి పట్టిక బయటికి వస్తుందా? "కరెక్ట్ చేసిన వర్షపాతం వస్తుంది సార్, పట్టిక కావాలంటే వేరే లైసెన్స్" అంటే, ఇంకో కంపెనీ నంబర్ వెతుక్కోండి.